మామ మోడెమూ, నా వీపీఎన్నూ

రాత్రిపూట ఫోన్ మోగితే మా మామ ఇప్పటికీ ఉలిక్కిపడి లేస్తాడు. చావు కబురేమో అని కాదు... ఎక్కడో మోడెం డయల్ చేస్తోందేమో అని! "మోడెం ఇంకెక్కడిది మామా, అవి పోయి ఎన్నేళ్ళయింది" అని మేమంతా నవ్వుతాం. అత్త మాత్రం నవ్వదు. ఆ మోడెం పుణ్యాన కుదువకి పోయిన గాజులు ఆవిడవి మరి.

సరే, మొదట్నుంచీ చెప్తా.

మాది నార్కట్‌పల్లి. హైదరాబాదు నుంచి విజయవాడ బస్సెక్కినవాళ్ళకి తెలిసే ఉంటుంది, చిట్యాల దాటాక వస్తుంది. నల్గొండ, మిర్యాలగూడ మీదుగా అద్దంకి పోయే రోడ్డు ఇక్కడే చీలుతుంది. పక్కనే చెర్వుగట్టు. పేరుకి ఇప్పుడది ఎన్‌హెచ్ 65 గానీ మా పెద్దవాళ్ళ నోట్లో ఇంకా తొమ్మిదో నంబరు రోడ్డే. ఆ రోడ్డు పక్కన 2003లో మా మేనమామకి ఒక దుకాణం ఉండేది. ఎస్‌టీడీ బూత్, జిరాక్స్, రెండు కంప్యూటర్లు. ఉన్న ఒక్క ఇంటర్నెట్ కనెక్షన్‌నే రెంటికీ పంచాడు. బయట బోర్డు మీద మాత్రం "హై స్పీడ్ ఇంటర్నెట్" అని ఉండేదట :)

అప్పటికి నాకు ఆరేళ్ళు. కాబట్టి ఈ కథలో సగం మామ చెప్పింది, పావు వంతు అత్త చెప్పింది. మిగిలిన పావు నాకు స్వయంగా గుర్తున్నది... అది మోడెం చప్పుడు. ముందు డయల్ టోన్, తర్వాత టకటకా నంబరు, ఆ తర్వాత కీచుకీచుమని, గరగరమని, ఎవరో ఇద్దరు రేకుల డబ్బాలో దూరి కొట్లాడుకుంటున్నట్టు. ఆ కొట్లాట సద్దుమణిగితే నెట్ వచ్చినట్టు.

ఈ తరం ఇంజనీర్ల కోసం చిన్న లెక్క. మోడెం డబ్బా మీద 56కే అని రాసి ఉండేది. అది బిట్లలో. ఎనిమిదితో భాగిస్తే సెకనుకి ఏడు కిలోబైట్లు. అది కూడా దేవుడు, లైన్‌మాన్ ఇద్దరూ కరుణిస్తేనే. ఊళ్ళలో నాలుగూ నాలుగున్నర వచ్చినా గొప్పే. అంటే ఒక ఎంబీ దిగడానికి సుమారు నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ అటు ఫోన్ మీటరు తిరుగుతుంటుంది, ఇటు కొనుక్కున్న ఇంటర్నెట్ గంటల్లోంచి ఖర్చవుతుంటుంది. పైగా ఆ లైన్ మీద ఇంకెవరూ ఫోన్ చేసుకోలేరు.

అందుకని మామ కొన్ని చిట్కాలు కనిపెట్టాడు. బ్రౌజర్‌లో బొమ్మలు ఆపేసేవాడు. మెయిల్ రాయాలంటే ముందు నోట్‌ప్యాడ్‌లో తీరిగ్గా టైప్ చేయించి, అప్పుడు కనెక్ట్ చేసి, అతికించి, పంపించి, కట్ చేసేవాడు. టెన్త్ రిజల్ట్స్ రోజున హాల్ టికెట్ నంబర్లన్నీ కాగితం మీద రాసుకుని, ఒక్కసారి కనెక్టై వరసగా కొట్టేవాడు. ఇంజనీరింగు చదవలేదు, ఇంటర్‌తో ఆపేశాడు. ఈ పద్ధతికి బ్యాచింగ్ అని పేరుందని మామకి తెలీదు. పైసలు పోతున్నాయని తెలుసు, అంతే.

అంత జాగ్రత్తగా ఉండే మనిషికి ఒకసారి మామూలుగా వచ్చేదానికి నాలుగింతలు బిల్లొచ్చింది.

మామ ఆఫీసుకి పోయి గొడవపడ్డాడు. "రాత్రి తొమ్మిదికి తాళమేసి ఇంటికి పోత. నా దుకాణంల ఎవడున్నడని గంత బిల్లు?" అన్నాడు. మీటరు తిరిగింది, కట్టాలి అన్నారు వాళ్ళు. అప్పట్లో ఇలాంటివి జరిగితే అందరికీ వచ్చే అనుమానం ఒక్కటే... ఎవడో మన లైన్‌కి వైరు కలిపి వాడుకుంటున్నాడని. మామ అనుమానం పక్కనున్న పాన్ డబ్బా ఆయన మీదకి పోయింది. పదిమందిలో ఏదో అననే అన్నాడు. ఇద్దరూ చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఆయన మామతో మాట్లాడలేదు. బిల్లు కట్టడానికి అత్త గాజులు కుదువకి వెళ్ళాయి.

గాజులు పోయాక, దొంగని పట్టుకుందామని మామ ఒక రాత్రి దుకాణంలోనే చాప వేసుకుని పడుకున్నాడు. షట్టరు దించి, లైటు తీసి, కర్ర పక్కన పెట్టుకుని. కంప్యూటర్లు మాత్రం ఆన్‌లోనే ఉన్నాయి. ఆఫ్ చేస్తే పొద్దున మళ్ళీ లేస్తాయో లేవో అని భయం. విండోస్ 98 వాడినవాళ్ళకి ఆ భయం అర్థమవుతుంది.

పది నిమిషాలు కాలేదు. చీకట్లో డయల్ టోన్... టకటకటక... కీచు... గరగర...

మామ కర్ర పట్టుకుని లేచాడు. కొట్టడానికి అక్కడ మనిషెవరూ లేరు. మోడెం లైట్లు ఎర్రగా వెలుగుతున్నాయి. రాత్రంతా అలా కూర్చుని చూశాడు. తెల్లారేదాకా లైన్ తెగలేదు!

"మనిషి లేకుండ మిషిన్ ఎవనితోటి మాట్లాడుతదిరా?" ఇదీ మామ ప్రశ్న. అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ కోర్సు చేసొచ్చిన మా ఊరి కుర్రాడొకడు వచ్చి జవాబు కనుక్కున్నాడు. మెయిల్ ప్రోగ్రాంలో "పది నిమిషాలకోసారి కొత్త మెయిల్ చూడు" అని ఎవరో పెట్టేశారు. నెట్ లేకపోతే అదే డయల్ చేస్తుంది. పోనీ "ఇరవై నిమిషాలు ఎవరూ వాడకపోతే లైన్ కట్ చెయ్" అని కూడా మామే పెట్టి ఉన్నాడు. కానీ పదో నిమిషంలో మెయిల్ ప్రోగ్రాం మళ్ళీ మాట్లాడుతుంది. ఇరవై ఎప్పటికీ నిండదు. సరే అని దాన్ని ఆపితే, రెండోరోజు మళ్ళీ డయల్ అయింది! ఈసారి రెండో కంప్యూటర్. అది పక్కనే ఉన్న ప్రింటర్ పేరు కోసం వెతుకుతూ, ఆ ప్రశ్నని ఇంటర్నెట్ మీదకి కూడా పంపుతోంది. పక్కింట్లో ఉప్పు కోసం హైదరాబాదుకి ఫోన్ చేసినట్టు అన్నమాట. డయల్-అప్ కనెక్షన్‌కి ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ తీసేస్తే అప్పుడు శాంతించింది.

ఇదేదో మామ ఒక్కడి గ్రహచారం అనుకోకండి. పెద్ద కంపెనీల బ్రాంచి ఆఫీసులు డయల్-అప్ మీదో ఐఎస్‌డీఎన్ మీదో హెడ్డాఫీసుకి కలిసే రోజుల్లో ప్రపంచమంతా ఇదే తలనొప్పి. ఆర్‌ఐపీ అనే రూటింగ్ ప్రోటోకాల్ ఉంది. అది ప్రతి ముప్ఫై సెకన్లకీ తన దగ్గరున్న దారుల పట్టిక మొత్తం చదివి వినిపిస్తుంది, మారినా మారకపోయినా. లాన్ మీద పర్లేదు. డయల్-అప్ మీద అలా చేస్తే లైన్ జన్మలో తెగదు. అందుకే అలాంటి చోట స్టాటిక్ రూట్లు రాసేవాళ్ళు. సిస్కో రూటర్లలో "ఇంటరెస్టింగ్ ట్రాఫిక్" అని ఒక మాటే ఉంది. ఫలానా రకం ప్యాకెట్ వస్తేనే డయల్ చెయ్, దానికే ఐడిల్ టైమర్ వెనక్కి తిప్పు, మిగతా వాగుడు వచ్చినా పట్టించుకోకు అని ముందే చెప్పాలి. అన్నిటినీ ఇంటరెస్టింగ్ అని రాసేస్తే దానికి అన్నీ ముఖ్యమైన మాటలే.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే, 1990లో వాన్ జాకబ్సన్ గారు చేసిన పని నాకు చాలా ఇష్టం. టెల్నెట్‌లో మీరొక అక్షరం నొక్కితే వెళ్ళేది ఒక్క బైటు. కానీ దాని నెత్తిన టీసీపీ, ఐపీ హెడర్లు కలిపి నలభై బైట్ల మూట! ఆ నలభైలో చాలా భాగం ప్యాకెట్‌కీ ప్యాకెట్‌కీ మారదు కదా, మారినది మాత్రమే పంపితే చాలదా అన్నాడాయన. నలభై బైట్లు మూడు నాలుగు బైట్లకి దిగొచ్చాయి. ఆర్ఎఫ్‌సీ 1144లో ఉంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ఆ తర్వాత కాలం మారిపోయింది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా అంటే లెక్కే లేకుండా చేసింది. మామ దుకాణంలో ఇంటర్నెట్ కంప్యూటర్ల స్థానంలోకి రెండో జిరాక్స్ మిషను వచ్చింది. మొన్న 2025 సెప్టెంబరు 30న అమెరికాలో ఏఓఎల్ వాళ్ళు కూడా డయల్-అప్ ఆపేశారు. అంచేత ఇదంతా తాతల నాటి ముచ్చట అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నా... 2020 ఏప్రిల్ దాకా.

2019లో ఇంజనీరింగు అయిపోయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాను. కంపెనీ పేరెందుకులెండి. 2020 మార్చిలో లాక్‌డౌన్. హాస్టల్ ఖాళీ చేయమన్నారు. బ్యాగులో ఆఫీసు ల్యాప్‌టాప్ పెట్టుకుని ఊరికొచ్చేశా. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, పెట్టడానికి వచ్చేవాళ్ళూ లేరు. ఉన్నది ఫోన్ హాట్‌స్పాట్. రోజుకి ఒకటిన్నర జీబీ. ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందదు కాబట్టి మామ వాళ్ళ డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో నా ఆఫీసు :)

రోజూ మధ్యాహ్నం ఒంటిగంట కల్లా డేటా అయిపోయేది. ఆ తర్వాత నెట్ ఉంటుంది గానీ నత్తనడక. వీపీఎన్ తెగిపోతుంది. మీటింగులో నా మాట సగం వినిపిస్తుంది, సగం వినిపించదు. అదనపు డేటా ప్యాకులు వేసుకుంటూ పోయా. నా ప్రొబేషన్ జూన్‌లో అయిపోతుంది. కన్ఫర్మ్ చేస్తారో, ఇంటికే ఉండిపొమ్మంటారో తెలీదు. అప్పుడే వేరే టీముల్లో కొంతమందిని తీసేశారని వినిపిస్తోంది. "ప్లీజ్ సార్ట్ అవుట్ యువర్ కనెక్టివిటీ" అని మా లీడ్ రెండుసార్లు మెయిల్ పెట్టాడు. నేను ఎవరిని తిట్టానో చెప్పనక్కర్లేదు కదా... సిగ్నల్‌ని, టవర్‌ని, ఊరిని.

ఒకరోజు సాయంత్రం మామ డాబా మీదకి టీ తెచ్చిచ్చి, నా ముఖం చూసి "ఏందల్లుడా, మల్ల అయిపోయిందా?" అన్నాడు. అయిపోయిందన్నా.

"ఒకటిన్నర జీబీ అంటే మా కాలంల ఎంతసేపు దిగాలె?"

లెక్కేసి చెప్పా. రాత్రీపగలూ నడిపితే నాలుగు రోజుల పైనే.

మామ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు. "నువ్వు జేసేది టైపింగే గదరా. లైన్ మీద ఎవడు మాట్లాడుతుండు మరి?"

నిజం చెప్తున్నా, నాలుగేళ్ళు చదివిన కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. ఆ రాత్రి కూర్చుని రిసోర్స్ మానిటర్ తెరిచా. ఏ ప్రోగ్రాం ఎంత పంపుతోంది, ఎంత తెచ్చుకుంటోంది అన్నీ వరసగా కనపడతాయి. మర్నాడు పని చేస్తూ గంటగంటకీ కాగితం మీద రాసుకున్నా.

మొదటి దొంగలు అందరికీ తెలిసినవాళ్ళే. విండోస్ అప్‌డేట్, క్లౌడ్ ఫోల్డర్ సింక్. హాట్‌స్పాట్‌ని "మీటర్డ్ కనెక్షన్" అని గుర్తు పెడితే ఇవి చాలావరకు నోరు మూసుకుంటాయి. రెండోది వీడియో. కెమెరా ఆపేశా, ఎదుటివాళ్ళ వీడియోలు రాకుండా చేశా. మూడోది రిమోట్ డెస్క్‌టాప్. దాని సెట్టింగుల్లో ఎక్స్‌పీరియన్స్ అనే చోట "మోడెం, 56 కేబీపీఎస్" అన్న ఎంపిక 2020లో కూడా అలాగే ఉంది! అది పెడితే వాల్‌పేపర్, యానిమేషన్లు అన్నీ పోతాయి. చూడ్డానికి బోడిగా ఉంటుంది, పని మాత్రం జరుగుతుంది. మామకి చూపిస్తే పాత దోస్తు కనపడినట్టు సంబరపడ్డాడు.

నాలుగోది వీపీఎన్. మా కంపెనీది ఫుల్ టన్నెల్. నేను వాతావరణం చూసుకున్నా అది ముందు ఆఫీసుకి వెళ్ళి, అక్కణ్ణుంచి బయటికి వెళ్ళి, మళ్ళీ అదే దారిన రావాలి. నార్కట్‌పల్లి నుంచి నల్గొండ పోవడానికి హైదరాబాదు తిరిగి రావడం లాంటిది. స్ప్లిట్ టన్నెల్ అడిగితే భద్రత దృష్ట్యా కుదరదన్నారు. వాళ్ళ వాదనలోనూ న్యాయముంది, బయటి ట్రాఫిక్ కూడా వాళ్ళ కాపలా కిందే ఉండాలనుకుంటారు. సరే, సొంత పనులన్నీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోంచి తీసేసి ఫోన్‌లో చేసుకోవడం మొదలుపెట్టా.

ఇన్ని చేసినా ఇంకా గంటకి రెండు వందల ఎంబీ పైన ఎవరో తినేస్తున్నారు. ఎవరా అని చూస్తే, బ్రౌజర్‌లో వెనకెక్కడో తెరిచి ఉన్న ఒక ట్యాబ్. మా ప్రాజెక్టు డాష్‌బోర్డు. క్లయింట్ వాళ్ళ గోడౌన్లలో ఏ సరుకు ఎంత ఉందో చూపించే పేజీ. అది ప్రతి ఐదు సెకన్లకీ సర్వర్‌ని అడిగి మొత్తం జాబితా తెచ్చుకుంటోంది. ఒక్కోసారికి మూడు వందల కేబీ. గంటకి 720 సార్లు. అంటే 216 ఎంబీ. ఏడు గంటలు తెరిచి ఉంచితే నా ఒకటిన్నర జీబీ హాం ఫట్! ఎవరూ ఏమీ నొక్కకపోయినా, సరుకు ఒక్క పెట్టె కూడా కదలకపోయినా.

ఆ పేజీ రాసింది ఎవరనుకున్నారు? నేనే. నా మొదటి ప్రాజెక్టు. ఐదు సెకన్లు అని అంకె వేసింది కూడా నేనే. ఆఫీసు నెట్ మీద భలే చురుగ్గా కనపడేది, డెమోలో మెచ్చుకున్నారు కూడా.

ఇక్కడితో అయిపోతే నవ్వుకుని వదిలేసేవాణ్ణి. అప్పుడు గుర్తొచ్చింది అసలు సంగతి. ఫిబ్రవరిలో ఆ గోడౌన్లలో పనిచేసేవాళ్ళ నుంచి నాలుగు టికెట్లు వచ్చాయి. "పేజీ తెరిస్తే నెట్ మొత్తం స్లో అవుతోంది", "డాంగిల్ బ్యాలెన్స్ తొందరగా అయిపోతోంది" అని. ఎక్కడో చిన్న ఊళ్ళలో, డాంగిల్ పెట్టుకుని, నాలాగే మధ్యాహ్నానికి డేటా అయిపోయి కూర్చున్నవాళ్ళు. నేను నా సిస్టంలో చూశా, పేజీ బాగానే ఉంది. నాలుగింటికీ ఒకే జవాబు రాసి మూసేశా... "నెట్‌వర్క్ ఇష్యూ ఎట్ యూజర్ ఎండ్". ఒకతను మళ్ళీ తెరిస్తే, మళ్ళీ మూశా.

మామ పాన్ డబ్బా ఆయన్ని అన్నట్టే కదా ఇది. మామ కనీసం ఒక రాత్రి చాప వేసుకుని చూశాడు. నేను అదీ చెయ్యలేదు.

బాగు చెయ్యడానికి రెండు రోజులు పట్టింది. అడగడం ఐదు సెకన్ల నుంచి నిమిషానికి మార్చా. సర్వర్ ఇచ్చే జవాబుకి ఈట్యాగ్ పెట్టా. అంటే "నా దగ్గర ఉన్నది ఈ ముద్ర ఉన్న జాబితా, మారిందా?" అని బ్రౌజర్ అడుగుతుంది, మారకపోతే సర్వర్ "304" అని ఒక చిన్న ముక్క చెప్పి ఊరుకుంటుంది. మారితే పంపేది జిప్ చేసి పంపుతుంది. ట్యాబ్ వెనక్కి వెళ్తే అడగడమే ఆపేస్తుంది. వీటిలో ఏదీ కొత్త విద్య కాదు. అడిగే ముందు ఆగు, మారినది మాత్రమే పంపు, ఎవరూ చూడనప్పుడు నోరు మూసుకో. ఆ అమీర్‌పేట కుర్రాడు 2003లో మామ కంప్యూటర్లకి చెప్పిన మాటలే. రోజంతా తెరిచి ఉంచి కొలిస్తే రెండు ఎంబీ కూడా దాటలేదు.

ప్రొబేషన్ గట్టెక్కింది, అది వేరే సంగతి. ఆ సాయంత్రం మాత్రం గొప్పగా కిందికి దిగి, "దొంగ దొరికాడు మామా, నేనే" అని కథంతా చెప్పా. మామ పడీపడీ నవ్వాడు. అత్త బత్తాయిలు ఒలుస్తూ విన్నది. అంతా అయ్యాక ఒక్కమాట అడిగింది.

"మరి ఆ గోడౌన్ పోరగాండ్ల పైసలు ఎవరిస్తర్రా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. డాంగిల్ బ్యాలెన్స్ వాళ్ళ జేబుల్లోంచి వేసుకున్నారో, వాళ్ళ ఆఫీసు ఇచ్చిందో కూడా నేను ఎప్పుడూ కనుక్కోలేదు. మర్నాడు చెయ్యగలిగింది ఒక్కటే చేశా. మూసేసిన నాలుగు టికెట్లూ మళ్ళీ తెరిచి, "తప్పు మాదే, మీ నెట్‌ది కాదు, ఇప్పుడు సరిచేశాం, ఇబ్బందికి క్షమించండి" అని రాశా. మా లీడ్‌కి అది నచ్చలేదు, క్లయింట్‌కి అలా రాతపూర్వకంగా ఒప్పుకోకూడదట. ఆ నలుగురిలో ఒకతను మాత్రం జవాబిచ్చాడు. "థ్యాంక్యూ సర్, నేనే ఏదో తప్పు చేస్తున్నా అనుకున్నా" అని.

ఆ వాక్యం చదివాక డిగ్రీ, జీతం, అన్నీ కాసేపు బరువుగా అనిపించాయి.

ఇప్పుడు హైదరాబాదులో నా గదిలో ఫైబర్ ఉంది, సెకనుకి వంద మెగాబిట్లు. దాని మీద చూస్తే నేను రాసే ప్రతి చెత్తా చురుగ్గానే కనపడుతుంది. అందుకని ఒక అలవాటు చేసుకున్నా. ఏదైనా రిలీజ్ చేసే ముందు ఒక రోజు ఫోన్ హాట్‌స్పాట్ మీద పని చేస్తా, బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో స్పీడ్ బాగా తగ్గించి మరీ పేజీ తెరుస్తా. ఒక గంట ఏమీ ముట్టుకోకుండా వదిలేసి, ఎన్ని బైట్లు పోయాయో చూస్తా. చాప, కర్ర ఒక్కటే తక్కువ.

పాన్ డబ్బా ఆయనా మామా మళ్ళీ ఎలా కలిశారంటారా? ఆయన కూతురి టెన్త్ రిజల్ట్ చూసిపెట్టి, మామ డబ్బులు తీసుకోలేదట. అత్త గాజులు మాత్రం వడ్డీ పెరిగి, తిరిగి రాలేదు.